ఒత్తు ఆగిన రోజు

మూడో తరగతి పిల్లలకు తీసివేతలు చెబుతున్నాను. బల్ల మీద ఫోను మోగి ఆగింది. మళ్లీ మోగి ఆగింది. మూడోసారి తీశాను. అమ్మ.

"ఒత్తు తాత ఎల్లిపోనాడే," అంది.

పొద్దున టీ తాగి, గ్లాసు తనే కడిగి గట్టు మీద బోర్లించి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడట. కోడలు టిఫిను తెచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడట. పిలిస్తే పలకలేదట.

నా వేళ్ల చివర్లు తిమ్మిరెక్కాయి. ఆ తిమ్మిరి నాకు పాత పరిచయం. తర్వాత ఏమొస్తుందో కూడా తెలుసు. అరచేతుల్లో చెమట, గొంతులో ఉండ, గుండె చెవుల్లోకి వచ్చి కొట్టుకోవడం, చివరికి ఇప్పుడే ఇక్కడే పడి చచ్చిపోతానన్న నమ్మకం. ఇరవై ఆరు మంది పిల్లలు నా ముఖం చూస్తున్నారు. తలుపు పట్టుకుని నిలబడ్డాను. పీల్చలేదు. వదిలాను. అయిపోయిందనుకున్నాక ఇంకొంచెం వదిలాను. లోపలికి రావలసింది దానంతట అదే వచ్చింది. అలా ఎన్నిసార్లో గుర్తు లేదు. కాసేపటికి ముందు వరసలో ఒక పిల్ల, "టీచర్, పైన సున్నా ఉంటే ఏటి సెయ్యాల?" అని అడగడం వినిపించింది.

పీల్చకుండా వదలడం నాకు నేర్పినవాడు ఆయనే. ఆ సంగతి మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. నాలాగా బస్సులో, క్యూలో, పరీక్ష గదిలో ఉన్నట్టుండి చచ్చిపోతున్నామని అనుకునేవాళ్లు ఇంకా ఉంటారు కదా, వాళ్లకు ఆయన అందకుండా పోకూడదు.

మాది అరసవల్లి చివర ఒక సందు. ఊళ్లో నాన్నకు ఎకరం పైచిలుకు వరి, కొంచెం మెట్ట ఉన్నాయి. నా చదువు కోసమే ఇక్కడ రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. అమ్మ వేలిముద్ర వేస్తుంది, నాన్న సంతకం ఒక్కటి నేర్చుకున్నాడు. మా ఇంట్లో కాలేజీ గేటు చూసినదాన్ని నేనే. మా ఇంటికీ తాత ఇంటికీ మధ్య గోడ ఒక్కటే. ఆయనది సన్నాయి మేళం ఇల్లు. అన్నగారు సన్నాయి వాయించేవాడు, ఆయన పోయాక అన్న కొడుకు అందుకున్నాడు. తాత మాత్రం ముందూ ఒత్తే, తర్వాతా ఒత్తే.

ఒత్తు చూడడానికి సన్నాయిలాగే ఉంటుంది. వేళ్లు ఆడించే రంధ్రాలు మాత్రం ఉండవు. దాన్నుంచి వచ్చేది ఒకటే స్వరం. మేళం మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా ఆ స్వరం తెగకూడదు. సన్నాయి ఆయన ఆగి చెమట తుడుచుకోవచ్చు, డోలు ఆయన చేతులు విదుల్చుకోవచ్చు. ఒత్తు మనిషికి ఆ వీలు లేదు. బుగ్గల్లో గాలి దాచుకుని, అది బయటికి పోతుండగానే ముక్కుతో కొత్తది తీసుకోవాలి. వినేవాళ్లు దాన్ని పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం అందరికీ తెలుస్తుంది.

ఈమధ్య అన్న కొడుకు ఒక శ్రుతి పెట్టె కొన్నాడు, మీట నొక్కితే స్వరం వచ్చే పెట్టె. తాతకు వయసైపోయిందని, కాస్త విశ్రాంతి ఇవ్వాలని కొన్నాడు. తాత దాన్ని కొత్త కోడల్ని చూసినట్టు వారగా చూసేవాడు. "దానికి ఊపిరాగదు గానీ సార్జింగాగిపోతాది," అనేవాడు. మొలలో ఎప్పుడూ ఎర్ర దారపు ఉండ ఉండేది. ఒత్తు కొసన నోట్లో పెట్టుకుని ఊదే పీకను ఆ దారంతోనే బిగించి కట్టేవాడు. అరుగు మీద కూర్చుని దారం కొస పళ్లతో పట్టి లాగుతూ, సందులో పోయే ప్రతివాళ్లనూ ఏదో ఒకటి అనడం ఆయన కాలక్షేపం. నేను పుస్తకాల సంచీతో వస్తుంటే, "కలెక్టరమ్మ వస్తన్నాది, దారియ్యండి," అనేవాడు.

టీచరు ఉద్యోగం పరీక్షకు విజయనగరంలో కోచింగు తీసుకుంటున్న రోజుల్లో నాకు మొదటిసారి వచ్చింది. తిరుగు బస్సు. నిలబడేవాళ్లు నిండుగా ఉన్నారు. నాకు కిటికీ పక్కన సీటు దొరికింది, అంటే కష్టమేమీ లేదు. ఉన్నట్టుండి ఎవరో నా లోపల మీట నొక్కినట్టయింది. గుండె పరుగెత్తింది. గాలి చాలలేదు. పీల్చాను, చాలలేదు, ఇంకా గట్టిగా పీల్చాను. పెదాలు మొద్దుబారాయి. చేతివేళ్లు వాటంతటవే లోపలికి ముడుచుకుపోయాయి. బస్సు ఆపించి దిగి, రోడ్డు పక్క కంకర మీద కూర్చున్నాను. నాతోపాటు దిగిన పక్క సీటావిడ కొంగుతో విసురుతూ "గట్టిగా పీల్సమ్మా, గట్టిగా పీల్సు," అంటోంది. ఎంత పీలిస్తే అంత ఎక్కువైంది.

గుండె పరీక్ష చేయించాం. అంతా బాగుందన్నారు. గ్యాస్ అయి ఉంటుందని ఒకాయన మాత్రలిచ్చాడు. "ఏమీ లేదు, టెన్షన్ పడకు," అన్నాడు ఇంకొకాయన. ఏమీ లేదన్న మాట నన్ను మరీ భయపెట్టింది. చచ్చిపోతున్నట్టు ఉండడం ఏమీ లేకపోవడమైతే, ఇక ఎవరికి చెప్పుకోవాలి?

అక్కడ నుంచి నా లోకం చిన్నదైపోయింది. ముందు బస్సు మానేశాను. తర్వాత ఆదివారం గుడి వైపు రద్దీలోకి వెళ్లడం మానేశాను. ఆ ఏడాది పరీక్షకు నాన్న స్కూటర్ మీద తీసుకెళ్లాడు. కంప్యూటరు ముందు కూర్చున్న పావుగంటకే అది వచ్చింది. లేచి బయటికి వచ్చేశాను. ఒకసారి బయటికి వచ్చాక మళ్లీ లోపలికి పంపరు. గేటు బయట వేరుశనక్కాయలు తింటున్న నాన్న నన్ను చూసి, పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆయన వీపు చూస్తూ కూర్చున్నాను.

ఇంకోసారి పరీక్ష పడుతుందని తెలిసింది. అదీ ఇలాగే పోతే చదువు మాన్పించి పెళ్లి చేసేద్దామని ఇంట్లో అనుకోవడం నాకు వినిపించింది. వాళ్లను తప్పు పట్టలేను. వాళ్ల దగ్గర డబ్బూ ఓపికా రెండూ అయిపోవచ్చాయి.

ఆ వేసవి చివర మా ఊళ్లో అమ్మవారి సంబరం. నా ఆరోగ్యం కోసం అమ్మ మొక్కుకుంది, కాబట్టి నేను వెళ్లక తప్పదు. మేళం తాతవాళ్లదే. మధ్యాహ్నం ఘటాలు బయలుదేరాయి. డప్పులు, సాంబ్రాణి పొగ, ఎండ, అన్ని వైపుల నుంచీ తోసుకొచ్చే మనుషులు. నా వేళ్లకు తిమ్మిరి మొదలైంది. వెనక్కి తిరిగాను, దారి లేదు. పీల్చాను. మోకాళ్లు వణికాయి. చేతులు ముడుచుకుపోయాయి. కళ్లు ఎటు తిప్పానో నాకు తెలియదు.

"ఓలమ్మో! అమ్మోరొచ్చినాది!" అని ఎవరో అరిచారు.

అప్పుడు ఏం జరిగిందో చెబితే నవ్వొస్తుంది, ఆ వేళ మాత్రం నాకు నరకం. ఎవరో నా జడ విప్పేశారు. ఎవరో నెత్తి మీద పసుపు నీళ్లు గుమ్మరించారు. వేపమండ నా పిడికిట్లోకి దూర్చారు, నా వేళ్లు ఎలాగూ విడిపోవడం లేదు. చుట్టూ మనుషులు ఇంకా దగ్గరికి వచ్చేశారు. ఒక ముసలావిడ నా గడ్డం పట్టుకుని, "ఏటి కావాలమ్మా నీకు? సెప్పు తల్లీ, ఏటి లోటు సేసినాం?" అని అడిగింది.

"నీళ్లు," అన్నాను, ఊపిరాడక.

"నీళ్లంటన్నాదిరా! ఈయేడు వానలు పడతాయట!" అని వెనకెవరో కేక పెట్టారు. డప్పులు రెట్టించాయి. మా అమ్మ కూడా చేతులు జోడించి నిలబడి ఉండడం చూశాను. అమ్మ కళ్లలో నీళ్లున్నాయి. ఇన్నాళ్లకు తన కూతురి జబ్బుకు ఒక మంచి కారణం దొరికింది కదా.

సరిగ్గా అప్పుడు ఒత్తు ఆగిపోయింది.

అది ఆగిందని మొదట ఎవరికీ అర్థం కాలేదు. సన్నాయి ఒంటరిగా రెండు మెట్లు ఎక్కి తడబడింది. డోలు ఆగింది. డప్పులవాళ్లు కూడా తలలు తిప్పారు. అన్ని వందల మందిలో ఒక్కసారిగా నిశ్శబ్దం పడింది. ఆ నిశ్శబ్దంలోంచి తాత ఒత్తును చంకలో పెట్టుకుని, భుజంతో తోసుకుంటూ వచ్చాడు.

"తప్పుకోండ్రా. గాలాడనియ్యండి."

"మావా, అమ్మోరు..." అంది అమ్మ.

"సూస్తన్నాను లేయే." నా ముందు గొంతుక్కూర్చున్నాడు. పసుపు నీళ్లు కళ్లలోకి కారుతుంటే కండువాతో తుడిచాడు. మొల నుంచి ఎర్ర దారం జానెడు తెంపి నా పెదాల ముందు వేలాడదీశాడు.

"ఒసే గుంటా, పీల్సకే. ఇడిసీ."

"ఊపిరి... లేదు తాతా..."

"ఉన్నాదే. ఎక్కువున్నాది. దీన్ని సూడు. ఇది వాలాల. అదరకూడదు. వాలి అలగే ఉండాల. ఇడిసీ."

దారం మీదికి ఊదాను. పటపటా కొట్టుకుంది. "అలక్కాదు. వేడి టీ మీద ఊదినట్టు." మళ్లీ ఊదాను. "ఇంకా ఉన్నాది. ఖాళీ సెయ్యి. ఊ... ఇప్పుడు మూస్కో. వచ్చీది అదే వస్తాది." వచ్చింది. ఎన్నోసారికో దారం ఒక పక్కకు వాలి, అదరకుండా నిలబడింది. నా పిడికిలి తెరుచుకుని వేపమండ కింద పడింది.

తాత లేచి, ఏమీ జరగనట్టు మేళంలో తన చోటికి వెళ్లి ఒత్తు అందుకున్నాడు. తర్వాత తెలిసింది. తను ఒత్తు పట్టిన నాటి నుంచి మేళం మధ్యలో దాన్ని ఆపడం అదే మొదటిసారట. అన్న కొడుకు నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఆ వారంలోనే వాన కురిసింది.

అది నా అదృష్టమో కర్మో, మంచి వాన. ఊళ్లో నారుమళ్లు తడిశాయి. మూడో రోజుకు మా అరసవల్లి ఇంటికి మనుషులు రావడం మొదలుపెట్టారు. ఒకావిడ కొడుక్కి దుబాయి వీసా వస్తుందా అని అడిగింది. ఇంకొకావిడ పోయిన ఉంగరం గురించి అడిగింది. నా కాళ్లకు దండం పెట్టి అరటిపళ్లు పెట్టి వెళ్లేవారు. అమ్మ నన్ను అంట్లు తోమనివ్వడం మానేసింది. నాన్న నన్ను "ఒసే" అనడం మానేశాడు. అన్నిటికన్నా నన్ను ఎక్కువగా కోసింది అదే. నేను గదిలోకి వస్తే నులక మంచం మీంచి లేచి నిలబడేవాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. నాకు అది హాయిగా కూడా ఉంది. ఇక పరీక్ష గురించి ఎవరూ అడగడం లేదు. బస్సు ఎక్కలేవా అని ఎవరూ అనడం లేదు. వణికితే దండం పెడుతున్నారు. జీవితమంతా అలా వణుకుతూ గడిపేయవచ్చు. పుస్తకాల సంచీ మంచం కిందికి తోసేశాను.

తాత ఒక సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరో ఇచ్చిన అరటిపళ్ల గెల చూసి, "ఏటమ్మోరూ, ఒక పండు పెసాదం దొరుకుతాదా?" అన్నాడు. అమ్మకు కోపం వచ్చింది.

"ఎటకారమాడకు మావా. అమ్మోరు వస్తే తప్పేటి? నా గుంటకి పిచ్చనడం కన్నా అది మంచిది కాదేటి?"

"అమ్మోరు లేదని నానెప్పుడన్నాను? ఇన్నేళ్లు ఆయమ్మ గుడి ముందే కూకుని ఊదినాను. ఆయమ్మొచ్చిన ఆడోళ్లని ఎంతమందిని సూసినాను! వాళ్ల కళ్లలో భయముండదే. నీ కూతురి కళ్లు సూసినావా? అది నాకు తెలిసిన భయం."

ఆయన అరుగు మీద కూర్చున్నాడు. దారం ఉండ తీసి వేలికి చుట్టడం, విప్పడం, మళ్లీ చుట్టడం. అప్పుడు చెప్పాడు. ఆ విషయం ఇంట్లోవాళ్లకు కూడా ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదట.

తాత మొదట్లో సన్నాయే నేర్చుకున్నాడు. అన్న కన్నా బాగా వాయిస్తాడని పేరు. ఇరవై రెండేళ్లప్పుడు విజయనగరం వైపు ఒక పెళ్లి. అన్నకు జ్వరం. తనే ముందు కూర్చున్నాడు. పురోహితుడు గట్టిమేళం అన్నాడు. తాళి కట్టే క్షణం. సరిగ్గా అప్పుడు గుండె దడదడా కొట్టుకుని ఊపిరి బిగుసుకుపోయింది. సన్నాయి నోట్లోంచి జారిపోయింది. డోలు ఒక్కటే మోగుతుండగా తాళి కట్టారు. పెళ్లికూతురి తల్లి అపశకునమని ఏడ్చింది.

"మా నాన్న తిట్నేదు. తిట్టుంటే బాగుండును. మర్నాడు సన్నాయి తీసీసి, ఒత్తు సేతిలో పెట్టీసినాడు. ఒక్క స్వరమే కదరా, దీనికి భయముండదులే అన్నాడు. పేమతోనే ఇచ్చినాడు. ఉండదేటి? యాభై ఏళ్లున్నాది. ఒత్తులో వచ్చినప్పుడు ఎవుడికీ తెల్దు, అంతే." నా వైపు తిరిగాడు. "నాకు ఒత్తిచ్చీసినారు. నీకు అమ్మోర్నిచ్చీస్తన్నారు. ఈలూ పేమతోనే ఇస్తన్నారు. తీసుకోకే."

నాన్న గుమ్మం పక్క నిలబడి వింటున్నాడని అప్పుడే చూశాను. "ఒసే, తాతకి మంచినీళ్లియ్యి," అన్నాడు. నేను లేచాను. నా కాళ్లు నావే అనిపించాయి.

మానసిక వైద్యుల దగ్గరికి వెళ్దామని నేనే అన్నాను. కోచింగులో ఒక అమ్మాయి చెప్పింది, పెద్దాసుపత్రిలో ఆ విభాగం ఉందని. అమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. పెళ్లి కావలసిన పిల్లను పిచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారని సందంతా అంటారు.

"నాకని సెప్పు," అన్నాడు తాత. "ముసిలోడికి మతి తప్పినాది, గుంట తోడెల్లినాదని సెప్పు. నమ్ముతారు."

చీటీ ఆయన పేరు మీదే రాయించాం. డాక్టరమ్మ మా ఇద్దరినీ చూసి, ఇందులో పేషెంటు ఎవరని అడిగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ముందు నేను చెప్పాను. ఆమె మధ్యలో ఆపకుండా విన్నది. గుండె పరీక్ష కాగితాలు చూసి, "ముందు ఇది చేయించడం మంచిపనే," అంది. తర్వాత చెప్పింది.

"దీన్ని ప్యానిక్ అటాక్ అంటారు. పామును చూస్తే ఒళ్లు పరుగెత్తడానికి సిద్ధమవుతుంది కదా, గుండె వేగం పెరుగుతుంది, ఊపిరి పెరుగుతుంది. నీ ఒళ్లు పాము లేకుండానే సిద్ధమైపోతోంది. పరుగెత్తే పని లేదు, ఊపిరి మాత్రం ఎక్కువైపోతోంది. అందుకే తిమ్మిరి, అందుకే వేళ్లు ముడుచుకోవడం. చాలా భయంగా ఉంటుంది. దానివల్ల చచ్చిపోవు. కాసేపు పెరిగి, దానంతటదే దిగుతుంది. దిగేదాకా ఉండకుండా పారిపోతే, ఆ చోటంటేనే భయం పట్టుకుంటుంది."

"ఏటన్నారు దాని పేరు?" అన్నాడు తాత.

ఆమె మళ్లీ చెప్పింది. తాత రెండుసార్లు నోట్లో తిప్పుకున్నాడు. "పేనిక్కు. పేనిక్కటాకు." తర్వాత పైకప్పు వైపు చూశాడు. "నాకప్పుడు ఇరవై రెండు అమ్మా," అన్నాడు చివరికి. ఆయన గొంతు అంత మెల్లగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. డాక్టరమ్మ కలం పక్కన పెట్టి, ఆయన వైపు కుర్చీ తిప్పుకుని, మళ్లీ మొదటి నుంచి విన్నది.

తాత దారం ఒక్కటే నన్ను బాగు చేసిందని చెప్పను. ఎనిమిది నెలలు మందులు వాడాను, నెలనెలా ఆమెతో మాట్లాడాను. అవి లేకుండా కుదిరేది కాదు. కానీ బస్సు ఎక్కించింది మాత్రం తాతే. డాక్టరమ్మ మెల్లగా అలవాటు చేసుకోమంది. తాత దాన్ని మేళం సాధకంలా పట్టుకున్నాడు. మొదటిరోజు ఆర్టీసీ కాంప్లెక్సులో ఆగి ఉన్న బస్సు ఎక్కి, కూర్చుని, దిగిపోవడం. కండక్టరు మా వైపు చిత్రంగా చూశాడు. తర్వాత ఒక స్టాపు. తర్వాత ఎచ్చెర్ల దాకా. ఆయన నా పక్కన కూర్చునేవాడు కాదు, చివరి సీట్లో కూర్చునేవాడు. "పక్కనుంటే నా భుజం అలవాటైపోతాది. ఎనక ఒత్తున్నాదనుకో, సాలు," అనేవాడు.

చిలకపాలెం దగ్గర ఒకరోజు అది గట్టిగా వచ్చింది. లేచి నిలబడ్డాను. వెనక్కి తిరిగి, "దిగిపోదాం తాతా," అన్నాను. బస్సులో అందరూ చూస్తున్నారు. ఆయన కదల్లేదు.

"దిగితే దిగు. నానైతే దిగను. టిక్కెట్టు తీసుకున్నాను."

కూర్చున్నాను, ఏడుస్తూనే. దారం పెదాల ముందు పట్టుకున్నాను. పక్క సీటులో చేపల బుట్ట పెట్టుకున్న ఆవిడ, "ఏటి బంగారం, సూదిలో దారమెక్కిస్తన్నావా?" అంది. నవ్వొచ్చింది. నవ్వంటే అంతా వదలడమే కదా. అది దిగింది. నేను దిగలేదు.

ఇంకోరోజు ఆయన అన్నాడు, "కొత్తోడు ఒత్తు పట్టుకుంటే ఏటి సేస్తాడో తెలుసా? గుండెల్నిండా పీల్సీస్తాడు. పీల్సింది ఇడవడు, దాని మీద ఇంకా పీలుస్తాడు. ఆడు పడిపోయేది ఊపిరి సాలక కాదే, సద్దిగాలి దాసుకుని." ఈ మాట ఆ తర్వాత డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తన పుస్తకంలో రాసుకుంది.

పరీక్ష రోజు దారాన్ని మణికట్టుకు కట్టుకుని వెళ్లాను. విజయనగరం బయట ఒక కాలేజీ. ఈసారి బస్సులోనే వెళ్లాను, చివరి సీట్లో తాత. గేటు దగ్గర సోదా చేసే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"దారాలు ఉండకూడదు."

"ఇది మందు కోసం మేడం," అన్నాను.

"అందరూ ఏదోటి సెప్తారమ్మా. లైను ఆగిపోతన్నాది." కత్తెరతో కత్తిరించేసింది. పక్కన ప్లాస్టిక్ బకెట్ నిండా దారాలు, తాయెత్తులు, నల్లతాళ్లు. నాది వాటి మీద పడింది. వెనక్కి తిరిగి గేటు బయటికి చూశాను. తాత చూశాడు. రెండు బుగ్గలూ పూరించి, నవ్వకుండా, మెల్లగా ఖాళీ చేశాడు.

ఇరవై నిమిషాలకు వచ్చింది. తెర మీద అక్షరాలు కదిలాయి. తలుపు నా నుంచి ఏడు అడుగుల దూరంలో ఉంది, అడుగులు నాకు తెలుసు, లోపలికొస్తూనే లెక్కపెట్టుకున్నాను. లేస్తే ఐదు సెకన్లలో గాలి. లేస్తే అరటిపళ్లు, దండాలు, మంచం మీంచి లేచి నిలబడే నాన్న. బల్ల అంచు పట్టుకున్నాను. లేని దారాన్ని పెదాల ముందు పెట్టుకున్నాను. ఎర్రగా కనిపించేదాకా చూశాను. వదిలాను. అదిరింది. వదిలాను. సద్దిగాలి అంతా పోనిచ్చాను. తెర మీద గడియారం మెల్లగా దిగుతోంది. వేళ్లు ముడుచుకున్నాయి, ముడుచుకోనిచ్చాను. కాసేపటికి ఒక వేలు వదులైంది. ఆ ఒక్క వేలితో మౌస్ నొక్కి, పదకొండో ప్రశ్నకు జవాబు పెట్టాను. చివరి ప్రశ్న వరకూ కూర్చున్నాను.

ఆ పరీక్షలో నాకు ఉద్యోగం రాలేదు. మార్కులు సరిపోలేదు. ఫలితం చూసి నేను ముఖం దాచుకుంటే తాత, "తప్పితే తప్పినావు. లేచి రాలేదు కదా," అని, ఉండలోంచి ఇంకో జానెడు దారం తెంపి నా మణికట్టుకు కట్టాడు. తర్వాతిసారి వచ్చింది. కళింగపట్నం దగ్గర చిన్న బడి. రోజూ బస్సే. ఇప్పటికీ అప్పుడప్పుడు వేళ్లకు తిమ్మిరి వస్తుంది. రానిస్తాను.

ఆయన గురించి ఇంకొకటి చెప్పాలి. పోయిన దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం, వాళ్లింట్లో అందరూ పెళ్లికి వెళ్లారు. నేను గోడకు ఇవతల పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతున్నాను. గోడ అవతల నుంచి ఏదో వినిపించింది. ఒకే స్వరం కాదు. రెండు, మూడు, మళ్లీ మొదటికి. వేళ్లు మొరాయిస్తున్న సన్నాయి. ఒకచోట చెడిపోయి ఆగింది. చాలాసేపు ఏమీ లేదు. నేను ఎర్ర పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చున్నాను. మళ్లీ మొదలైంది, ఆగిన చోటు నుంచే.

మర్నాడు అరుగు మీద నుంచి అడిగాడు. "ఒసే, నిన్న మజ్జేనం నీకేటైనా ఇనపడినాదా?"

"లేదు తాతా."

"మంచిది," అన్నాడు. దారం కొస పళ్లతో పట్టుకుని లాగాడు.

మొన్న నేను బడి నుంచి వచ్చేసరికి ఆయన్ని బయట పడుకోబెట్టి ఉంచారు. అన్న కొడుకు సన్నాయి అందుకున్నాడు. శ్రుతి పెట్టె ఒక పిల్లవాడి మెడలో వేలాడదీశారు. పాడె లేచి సందులో పది గజాలు వెళ్లిందో లేదో, పెట్టె ఒకసారి కీచుమని ఆగిపోయింది. ఎవరూ చార్జింగు చూసుకోలేదు. "ఒత్తేదిరా?" అన్నాడు అన్న కొడుకు వెనక్కి తిరిగి. అలవాటులో అనేసి, ముందున్న పాడె వైపు చూశాడు. మళ్లీ తల తిప్పుకుని, ఒంటరిగానే వాయించుకుంటూ నడిచాడు.

ఆడవాళ్లం సందు చివర ఆగిపోయాం. నా గుండె చెవుల్లోకి వచ్చింది. అమ్మ నా వైపు చూసింది కానీ, పీల్చమనలేదు. మణికట్టు నుంచి దారం విప్పి పెదాల ముందు పట్టుకున్నాను. మొదట పటపటా కొట్టుకుంది. సన్నాయి మలుపు తిరిగింది, సగం వినిపించింది, తర్వాత ఇక వినిపించలేదు. నేను వదులుతూనే ఉన్నాను. దారం వాళ్లు వెళ్లిన వైపుకే వాలి, అదరకుండా నిలబడి ఉంది.